చేపల చెరువులో పాచి – దాన్ని మేసే ప్రాణులు



చేపల చెరువు పెట్టిన ప్రతి రైతుకూ పాచితో పేచీ తప్పదు. కొందరి చెరువులో నీరు చిక్కని ఆకుపచ్చగా మారి వాసన కొడుతుంది. కొందరి చెరువులో నూలు పోగుల్లాంటి పాచి గట్ల వెంబడి అల్లుకుని వలకు అడ్డం పడుతుంది. మరి కొందరి చెరువులో అడుగునుంచి నాచు పెరిగి చేప తిరగడానికి చోటే లేకుండా చేస్తుంది. “దీన్ని చంపే మందేమిటి?” అని మొదట అడుగుతారు. మందు సంగతి అలా వుంచి, దీన్ని తినే ప్రాణి యేదని అడగడం మేలు. ఆ ప్రాణులేవో, అవి చేయగల పని యెంతో, చేయలేని పని యేదో యీ ప్రసంగంలో తెలుసుకుందాము.

పాచి ప్రమాదం పగలు కనపడదు

పాచి కూడా మొక్కలాంటిదే. యెండ వున్నంతసేపూ అది నీటిలోకి ప్రాణవాయువు విడుస్తుంది. అందుచేత మధ్యాహ్నం పూట చెరువు యెంతో ఆరోగ్యంగా కనిపిస్తుంది. పొద్దు గుంకినాక ఆ పాచే చేపలతోపాటు ప్రాణవాయువు పీల్చుకుంటుంది. రాత్రి గడిచేకొద్దీ నీటిలో ప్రాణవాయువు తగ్గి, తెల్లవారుజామున అన్నిటికంటె తక్కువకు వస్తుంది. ఆ వేళ చేపలు పైకి తేలి నోళ్లు తెరుచుకుంటూ వుంటే ముప్పు వచ్చిందన్నమాటే. రెండు మూడు రోజులు ముసురు పట్టి యెండ లేకపోతే యీ ముప్పు రెట్టింపవుతుంది. యేడాది కష్టం ఒక్క తెల్లవారుజామున నీటిపై తేలిన రైతులున్నారు.

“అయితే మైలుతుత్తం చల్లి పాచినంతా ఒక్కసారి చంపేద్దాము” అనుకోవద్దు. చచ్చిన పాచి కుళ్లుతుంది. కుళ్లేటప్పుడు మిగిలిన ప్రాణవాయువును అదే తినేస్తుంది. పైగా చేపపిల్లలకు మేతయిన సన్నని నీటి పురుగులను మైలుతుత్తం చంపుతుంది. మోతాదు మించితే చేపకే విషం. ప్రాణులచేత మేయించడంలో వున్న మేలు యిదే. పాచి కొంచెం కొంచెంగా తగ్గుతుంది, ఆ తగ్గినది చేప వొంట్లో కండగా మారుతుంది.

ముందు పాచి జాతి గుర్తించండి

మనం అన్నిటినీ పాచి, నాచు అనే అంటాము. కాని ఒక్కొక్క దాన్ని తినే ప్రాణి వేరు. అందుచేత విస్తరణ కార్యకర్తలు రైతుకు సలహా చెప్పే ముందు గట్టుమీదనుంచి చూసి వూరుకోక, చేతితో తీసి చూడవలెను.

మొదటిది, నీటిలో కలిసివుండే సన్నని పాచి. ఇది వేళ్ల మధ్య చిక్కదు. కొంతవరకు ఇది చెరువుకు సంపద. మోచేయి వరకు చేయి నీటిలో ముంచండి. నీరు మోచేతి దాకా వచ్చేసరికి అరచేయి కనపడకుండా పోతే పాచి సరిపడా వున్నట్లు. మణికట్టు మునిగేసరికే అరచేయి మాయమైతే మితిమీరినట్లు. బురద నీటిలో యీ పరీక్ష పనికిరాదు.

రెండవది, నీలి ఆకుపచ్చ పాచి. నీటిపైన రంగు వొలికినట్లు తెట్టె కడుతుంది. గాలి వీచే వైపు గట్టుకు చేరి కంపు కొడుతుంది. ఇందులో కొన్ని రకాలు కాలేయానికి హాని చేసే విషం పుట్టిస్తాయి గనుక తెట్టె కట్టిన నీరు పశువులను తాగనివ్వరాదు.

మూడవది, దారప్పోగుల పాచి. చేతితో లాగితే జిగురుగా, జుట్టులాగా వస్తుంది. లోతు తక్కువగా, నీరు తేటగా వున్న చోట అడుగున పుట్టి, తరువాత చాపలు చాపలుగా పైకి తేలుతుంది.

నాలుగవది, వేళ్లూ కాడలూ ఆకులూ వున్న నాచు. కొన్నిచోట్ల దీన్నే పునాచు అంటారు. శాస్త్రం లెక్కలో ఇది పాచి కాదు, నీటి కలుపు మొక్క. అయిదవది గుర్రపుడెక్క, అంతరతామర వంటి తేలే కలుపు.

సముద్రం చెప్పే పాఠం

మేసే ప్రాణి విలువ యెంతో తెలియాలంటే చెరువు వదిలి ఒక్క క్షణం సముద్రంలోకి పోదాము. వెచ్చని సముద్రాలలో పగడపు దిబ్బలుంటాయి. వాటిమీద పాచి పుట్టకుండా వుండదు. అయితే చేపలూ, నల్లని పొడుగాటి ముళ్లున్న బంతి వంటి ఒక జీవి పగలూ రాత్రీ దాన్ని గీకి తింటూ వుంటాయి. దాన్ని ముళ్లబంతి అందాము.

కరిబియన్ సముద్రంలో 1983లో యీ ముళ్లబంతులకు యేదో తెగులు తగిలింది. పనామా తీరంలో మొదలై ఏడాది తిరిగేసరికి ఆ సముద్రమంతా పాకింది. నూటికి తొంభైకి పైగా చచ్చిపోయినవి. జమైకా దీవి చుట్టూ పాచి మేసే చేపలను జనం అంతకు ముందే పట్టి తరిగివేశారు. 1980లో వచ్చిన పెద్ద తుఫాను దిబ్బలను విరగగొట్టింది. ఇక మేసే నోరే లేకుండా పోయింది. 1977లో ఆ దిబ్బలమీద సుమారు సగం మేర బతికిన పగడముండేది, పాచి నూటికి నాలుగు వంతులు మాత్రమే. 1990ల మొదటికి పగడం నూటికి మూడు వంతులకు దిగింది. పాచి తొంభై వంతులు దాటింది.

దీనికి ఎదురు కథ హవాయి దీవులలో వుంది. అక్కడి కనేవొహే అఖాతంలోకి 1970లలో పంటగా పెంచే ఉద్దేశంతో పరాయి సముద్రపు పాచి తెచ్చారు. అది పంట హద్దు దాటి పగడాలను కప్పేసింది. దాన్ని తొలగించడానికి అక్కడివారు రెండు పనులు వరసగా చేశారు. ముందు మునిగి పాచిని చేతులతో పీకి, పంపుగొట్టంతో పడవమీదికి లాగారు. ఆ తరువాత, కేంద్రంలో గుడ్లనుంచి పెంచిన ముళ్లబంతులను 2011 నుంచి ఆ దిబ్బలమీద వదిలారు. ఆ ముళ్లబంతి ఆ సముద్రానికి చెందినదే, పరాయిది కాదు. మనిషి పీకిన తరువాత మిగిలిన మొలకలను అది మేస్తూ, తిరిగి పెరగకుండా చూసింది.

పట్నాలలో అద్దాల తొట్లలో ఉప్పునీరు పోసి పగడాలు పెంచేవారు కూడా యీ పద్ధతే పాటిస్తారు. నత్తలనూ, పాచి మేసే చేపలనూ వదిలేముందు చేతితో పాచి తీస్తారు, మేత తగ్గిస్తారు. సముద్రమైనా, తొట్టి అయినా, మన చెరువైనా సూత్రము ఒకటే. పెరిగిపోయిన పాచిని తీసేది మనిషి. తీసినదాన్ని మళ్లీ పెరగనీయకుండా కాపలా కాసేది ప్రాణి.

నాచుకు గడ్డిచేప

మన చెరువులలో నాచు మేయడానికి గడ్డిచేపను మించినది లేదు. ఇది చైనా ప్రాంతపు చేప. 1959లో హాంగ్‌కాంగ్ నుంచి కటకం పరిశోధన కేంద్రానికి తెచ్చారు. మన నీటిలో తనంతట తాను గుడ్లు పెట్టదు గనుక సూదిమందు ఇచ్చి గుడ్లు పెట్టించవలసి వుంటుంది. 1962లో కటకంలో ఆ పని సాధించారు. అప్పటినుంచి పిల్లలకు కొరత లేకుండా పోయింది.

గడ్డిచేపకు గొంతులో రంపపు పళ్లుంటాయి. నాచును వాటితో కోసి, నలిపి మింగుతుంది. వెచ్చని నీటిలో రోజుకు తన బరువంత పచ్చిమేత, ఒక్కొక్కప్పుడు అంతకంటె యెక్కువ తింటుంది. పేగు పొట్టిది గనుక తిన్నదానిలో సుమారు సగం అరగకుండానే బయటికి పోతుంది. ఆ పెంట బంగారుతీగ వంటి అడుగు చేపలకు మేత, నీటికి యెరువు. ఇది లాభమే, కాని నాచులోని యెరువుసత్తువ చెరువులోనే వుండిపోతుందన్నది కూడా మరవరాదు. నాచు పోయిన వెంటనే నీరు మరీ ఆకుపచ్చనైతే కారణము ఇదే.

యెన్ని చేపలు వదలాలి? లెక్క ఇలా వేసుకోండి. చెరువులో అయిదు చోట్ల చదరపు మీటరు మేర నాచు పీకి, నీరు కారనిచ్చి తూచండి. సగటున కిలో వచ్చిందనుకుందాము. ఎకరం అంటే నాలుగు వేల చదరపు మీటర్లకు కొంచెం పైగా. అంటే ఎకరంలో నాలుగు టన్నుల నాచు వుందన్నమాట. అర కిలో బరువున్న గడ్డిచేపలు 150 వదిలితే అవి రోజుకు 75 కిలోలు తింటాయి. నెలకు రెండు టన్నులకు పైచిలుకు. ఈలోగా నాచు వూరుకోదు, పెరుగుతూనే వుంటుంది. అందుచేత సగం నాచును మనుషులచేత ముందే తీయించి, మిగిలిన సగాన్ని చేపకు అప్పగిస్తే పని తెములుతుంది. అంతా చేపే చూసుకుంటుందని కూర్చుంటే తెమలదు.

మామూలు మిశ్రమ పెంపకంలో, ఎకరానికి రెండు వేల పిల్లలు వదిలే చోట, వందనుంచి రెండు వందల వరకు గడ్డిచేపలు వేస్తే కాపలాకు చాలును. మరీ చిన్న పిల్లలు వదలవద్దు. వేలెడు పిల్ల నాచును పెద్దగా తగ్గించలేదు. పైగా కొర్రమీనుకూ, వాలుగకూ అది మంచి ఫలహారము. జానెడు పొడవు దాటినవి వదలండి.

మరి నాచు అయిపోయినాక? చేప ఆకలి మాత్రం అయిపోదు. గట్టుమీది గడ్డి, పారాగడ్డి, నేపియర్ గడ్డి, అరిటాకు కోసి ఒక మూల వెదురు చట్రంలో వేయండి. ఆకలిగొన్న గడ్డిచేప గట్టు అంచున మొలిచిన గడ్డికోసం నీళ్లలోనుంచి మూతి చాపుతుంది. నీరు పోయే తూముకు జాలీ తప్పనిసరి. వరిచేలోకి జారిన గడ్డిచేపకు వరి కూడా గడ్డే.

దారప్పోగుల పాచిని గడ్డిచేప ఇష్టంగా తినదు. మెత్తని నాచు దొరికినంతసేపూ దాని వంక చూడదు. నీలి ఆకుపచ్చ తెట్టెను ముట్టదు. గుర్రపుడెక్కను తినదనే చెప్పాలి.

ఆకుపచ్చ నీటికి వెండిచేప

నీటిలో కలిసిన సన్నని పాచిని వడగట్టుకుని తినేది వెండిచేప. దాని మొప్పల లోపల గాలింపు బట్టవంటి జల్లెడ వుంటుంది. ఇది కూడా 1959లోనే, జపాన్ నుంచి కటకానికి వచ్చింది.

దీని పనితనానికి చైనాలోని వుహాన్ నగరపు దొంగ్‌హు సరస్సు సాక్ష్యం. 1970లలో ఆ సరస్సు వేసవి వచ్చిందంటే నీలి ఆకుపచ్చ పాచితో తెట్టె కట్టేది. వెండిచేపలనూ, వాటికి దగ్గర జాతి అయిన పెద్దతల చేపలనూ విస్తారంగా వదిలిన తరువాత 1985లో ఆ తెట్టె మాయమైంది. చేపల వల్లనే పోయిందా అని శాస్త్రజ్ఞులు సరస్సులోనే కొంత నీటిని చుట్టూ కట్టి, అందులో చేప లేకుండా చేసి చూశారు. అక్కడ తెట్టె తిరిగి వచ్చింది.

అయితే అన్ని చోట్లా ఇలాగే జరుగుతుందని హామీ లేదు. వెండిచేప జల్లెడలో పెద్ద పాచి చిక్కుతుంది, మరీ సన్ననిది జారిపోతుంది. పోటీ తగ్గినందున ఆ సన్ననిది పెరిగి, నీరు ఆకుపచ్చగానే మిగిలిన చెరువులు కూడా వున్నవి.

ఇంకొక చిక్కు బొచ్చెతో. బొచ్చె, వెండిచేప రెండూ పై నీటిలోనే మేస్తాయి. మార్కెట్టులో బొచ్చెకు వచ్చే ధర వెండిచేపకు రాదు. పైగా పట్టిన తరువాత వెండిచేప త్వరగా చెడిపోతుంది. అందుచేత వెండిచేపను అదనంగా కలపవద్దు. పై నీటి చేపల వాటాలోనే, బొచ్చె సంఖ్య కొంత తగ్గించి వేయవలెను. పాచి బాధ లేని రైతుకు దాని అవసరమే లేదు.

దారప్పోగుల పాచికి యెవరు?

దీనికి మొదటి మందు మనిషి చేయి. వెదురు కర్రకు తాడు చుట్టి తిప్పితే పాచి చుట్టుకుని వస్తుంది. తీసినది గట్టుమీద కుప్ప వేయకుండా దూరంగా కంపోస్టు గుంటలో వేయండి. గట్టుమీదే కుళ్లితే మొదటి వానకు ఆ సత్తువంతా తిరిగి చెరువులోకే దిగుతుంది.

తరువాత నీటి లోతు నాలుగైదు అడుగులకు పెంచండి. అడుగుకు వెలుతురు తగలకపోతే యీ పాచి పుట్టదు. బంగారుతీగ అడుగు బురద కెలికి నీటిని మసక చేస్తుంది, దానివల్ల కూడా వెలుతురు తగ్గుతుంది. అయితే అది గట్లను కూడా తవ్వుతుంది గనుక కొద్ది సంఖ్యలోనే వుంచాలి.

ఉప్పునీటి చెరువులున్న కోస్తా రైతులకు పాలబొంత మంచి నేస్తము. చెరువు అడుగున చాపలాగా పెరిగే పాచిని అది గీకి తింటుంది. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ రైతులు తరతరాలుగా ఆ పాచినే మేతగా చూపి పాలబొంతను పెంచుతున్నారు. మన దేశంలో పిల్లల కోసం సముద్రం మీదే ఆధారపడవలసి వచ్చేది. 2015లో చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పరిశోధన సంస్థ పాలబొంతచేత కేంద్రంలోనే గుడ్లు పెట్టించింది. రొయ్యల చెరువులో వేయదలచినవారు రొయ్య మేతకు అది పోటీ వస్తుందని గుర్తుంచుకుని ముందు ఒక్క చెరువులో కొద్దిగా వేసి చూడండి.

గుర్రపుడెక్కకు చేప కాదు, పురుగు

గుర్రపుడెక్కను తినడానికి దాని పుట్టినచోటైన దక్షిణ అమెరికాకు చెందిన ముక్కుపురుగులను 1982లో బెంగుళూరుకు తెచ్చారు. ఇతర పంటలను తినవని పరీక్షించి, మరుసటి ఏడాదినుంచి అక్కడి చెరువులలో వదిలారు. పెద్ద పురుగు ఆకును గీకుతుంది, దాని పిల్లపురుగు కాడను తొలుస్తుంది. పని నెమ్మది, ఏళ్లు పడుతుంది. పెద్ద వూరచెరువుకు మంచిదే గాని, ఈ ఏడాది పంట చూసుకోవలసిన చేపల చెరువుకు చేతితో తీయడమే దారి.

బాతుల సంగతి కూడా అడుగుతారు. నీటిపై తేలే చిన్నాకు పాచినీ, నత్తలనూ బాతులు బాగానే తింటాయి. కాని వాటి రెట్ట గట్టి యెరువు. బాతులు వేసినవారు వేరే పశువుల యెరువు మానివేయవలెను. లేకపోతే ఒక పాచి పోయి ఇంకొకటి వస్తుంది.

పరాయి ప్రాణిని స్వంతంగా తేవద్దు

ఇది అన్నిటికంటె ముఖ్యమైన మాట. తిలాపియా చేపను 1952లో మన దేశానికి తెచ్చారు. పాచి తింటుంది, యెక్కడైనా బతుకుతుంది అని అందరూ మెచ్చుకున్నారు. రెండు మూడు నెలలకే గుడ్లకు వచ్చి, చెరువునిండా చిన్నచిన్న చేపలను నింపి, మంచి చేపలకు మేత లేకుండా చేసింది. 1959 నాటికే దాన్ని ఇక పెంచవద్దని నిర్ణయించవలసి వచ్చింది. ఈనాడు మేలుజాతి తిలాపియాను అనుమతి వున్నవారు, నిబంధనల ప్రకారమే పెంచాలి.

వెండిచేప కథ కూడా వినదగినదే. హిమాచల్ ప్రదేశ్‌లో 1971లో వరదనీటితోపాటు అది గోవిందసాగర్ జలాశయంలోకి పోయి, అక్కడ బొచ్చెను వెనక్కు నెట్టింది. అమెరికాలో 1970లలో చెరువుల పాచి తినడానికని తెచ్చిన వెండిచేప తప్పించుకుని మిసిసిపీ నదిలో చేరింది. నేటికీ దాన్ని అదుపు చేయలేక అక్కడివారు అవస్థ పడుతున్నారు. మన చెరువు గట్టు తెగితే ఆ చేప మనది కాదు, యేటిది. అందుచేత పిల్లలను గుర్తింపు పొందిన కేంద్రాలలోనే కొనండి, తూములకు జాలీలు వేయండి, మిగిలిపోయిన చేపలను కాలువలోకి వదలవద్దు.

పాచికి మేత వేస్తున్నది మనమే

పాచి మేసే చేపను ఒక వైపు వదులుతూ, ఇంకొక వైపు పాచికి మనమే మేత వేస్తూ వుంటే ఫలితముండదు. చేప తినగా మిగిలిన తవుడూ, చెక్కా అడుగున కుళ్లి పాచికి యెరువవుతుంది. చిల్లుల సంచులలో మేత కట్టేవారు పూట తరువాత సంచిని తడిమి చూడండి. మిగిలివుంటే మరునాడు అంతమేర తగ్గించండి. నీరు ముదురు ఆకుపచ్చగా వున్నన్ని రోజులూ పేడా, సూపరూ, యూరియా ఆపవలెను. చేపలన్నీ పట్టిన తరువాత చెరువు ఎండగట్టి, అడుగు నల్లమట్టి తీసి చేలకు తోలితే, పాచి పాలైన యెరువు పైరు పాలవుతుంది.

తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరిస్తే పాచి మేసే చేపకోసం పరుగెత్తవద్దు. అది అప్పటి మందు కాదు. వెంటనే మోటారు వేసి నీటిని పైకి చిమ్మించండి. గాలి చక్రాలుంటే తిప్పండి. కొత్త నీరు పెట్టండి. ఆ రోజు మేత ఆపండి.

విస్తరణ కార్యకర్తలు రైతుచేత ఒక చిన్న పుస్తకం పెట్టించవలెను. వారానికొకసారి అరచేయి యెంత లోతున మాయమైందో, మేత యెంత వేశారో, తెల్లవారుజామున చేపలు యెలా వున్నవో అందులో రాయాలి. మూడు నెలల రాత చూస్తే ఆ చెరువుకు గడ్డిచేప కావాలో, వెండిచేప కావాలో, లేక మేత తగ్గిస్తే చాలునో పుస్తకమే చెబుతుంది.

కనుక పాచి కనపడగానే దుకాణానికి పోకండి. ముందు చేతితో తీసి దాని జాతి చూడండి. పెరిగినది తీయించండి. యెరువు తగ్గించండి. ఆ తరువాత తగిన చేపను, తగినన్నే, తగిన సైజులో వదలండి. రేపు తెల్లవారకముందే లాంతరో, టార్చిలైటో పట్టుకుని ఒకసారి చెరువు చుట్టూ తిరిగి రండి. మీ చెరువు అసలు స్థితి ఆ వేళలోనే తెలుస్తుంది.